అరిగిపోయిన ప్రొపెల్లరు షాఫ్టు బేరింగు మార్పు: 30 అడుగుల తెరచాప పడవ

తెరచాప_30 (అన్నాపొలిస్, మేరీలాండ్) · మార్చి 8

సభ్యులందరికీ నమస్కారం. చేసపీక్ అఖాతంలో ఆరేళ్లుగా మేము నడుపుకుంటున్న 30 అడుగుల తెరచాప పడవలో ప్రొపెల్లరు షాఫ్టు బేరింగు అరిగిపోయింది. పడవ 1980 దశకంలో తయారైన ఫైబర్‌గ్లాస్ పడవ. 20 గుర్రపు శక్తి డీజిల్ ఇంజను, 1 అంగుళం స్టెయిన్‌లెస్ షాఫ్టు, రెండు రెక్కల కంచు ప్రొపెల్లరు ఉన్నాయి. షాఫ్టు పడవ అడుగు నుంచి బయటికి వచ్చిన తరువాత, ప్రొపెల్లరుకు కాస్త ముందు, ఒక కంచు స్ట్రట్టు దానిని పట్టి ఉంచుతుంది. ఆ స్ట్రట్టు రంధ్రంలోనే ఈ బేరింగు బిగించి ఉంటుంది. పైన ఇత్తడి గొట్టం, లోపల పొడవునా గాడులు తీసిన రబ్బరు. దీనినే ఇక్కడివారు కట్లెస్ బేరింగు అంటారు.

గత సెప్టెంబరు నుంచి ఇంజను నిమిషానికి 1,800 చక్రభ్రమణాలు దాటగానే కాళ్ల కింది పలక అదరడం, దానితో పాటు లోపల ఎవరో చెక్కసుత్తితో నెమ్మదిగా కొడుతున్నట్టు చప్పుడు రావడం మొదలయింది. చలికాలానికి పడవను ఒడ్డుకెక్కించిన తరువాత ప్రొపెల్లరును రెండు చేతులతో పట్టి పైకీ కిందికీ ఊపి చూస్తే షాఫ్టు స్పష్టంగా కదిలింది. సందులోకి డ్రిల్ బిట్లను ఒకదాని తరువాత ఒకటి దూర్చి చూశాను; 2.5 మి.మీ. బిట్టు సులువుగా దూరింది. వెనక అంచు దగ్గర రబ్బరు ఒకచోట ఇత్తడిని వదిలి నాలుకలా బయటికి వచ్చింది.

ఈ బేరింగును నాలుగు సీజన్ల కిందటే ఒక యార్డులో మార్పించాను. ఇంత త్వరగా ఎందుకు పోయిందో తెలియడం లేదు. షాఫ్టు తీయకుండా దీనిని మార్చడం సాధ్యమేనా, ఆ పని నేను స్వయంగా చేసుకోగలనా అన్నవి నా ప్రశ్నలు. ఏప్రిల్ చివరికి పడవను నీటిలోకి దించాలని అనుకుంటున్నాను.

రేవు_మేస్త్రి (విశాఖపట్నం) · మార్చి 8

నమస్కారం తెరచాప గారూ. నేను విశాఖ చేపల రేవులో ముప్పై ఏళ్లుగా మరపడవల ఇంజన్లు, షాఫ్టుల పని చేస్తున్నాను. మా దగ్గర దీనిని రబ్బరు బుష్ అంటాము. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కాబట్టి, పడవలన్నీ ఒడ్డు చేరే ఆ రెండు నెలల్లోనే ఇలాంటి పనులన్నీ ముగించుకోవాలి. పడవ యజమాని వచ్చి బుష్ మార్చమని అడిగితే, అది ఎందుకు అరిగిందో తేలేదాకా నేను కొత్త బుష్ పెట్టను. సరిగ్గా నిలబెట్టిన షాఫ్టు మీద, శుభ్రమైన నీటిలో, మీలా ఏడాదికి కొద్ది గంటలు మాత్రమే ఇంజను నడిపే పడవలో ఈ బుష్ చాలా ఏళ్లు నిలవాలి. నాలుగు సీజన్లలో పోయిందంటే దానిని అరగదీసినది వేరే ఉంది.

అందువల్ల విప్పే ముందే ఒక సంగతి చూసి చెప్పండి. అరుగుదల చుట్టూ సమానంగా ఉందా, ఒక పక్కనే ఉందా? ఒక పక్కనే ఉంటే, వెనక అంచులో ఏ పక్క, ముందు అంచులో ఏ పక్క? టార్చిలైటు వేసి రెండు చివరలూ చూడండి. ఒకసారి బయటికి లాగేస్తే ఈ సాక్ష్యం మళ్లీ దొరకదు. స్ట్రట్టు మీదా, పాత బుష్ అంచు మీదా పైభాగం ఎటో తెలిసేలా ఒక గీత గీసి ఉంచుకోండి.

సోలెంట్_గాలి (సౌతాంప్టన్) · మార్చి 8

మేస్త్రి గారు అడిగినవి చూస్తూనే కొలతలు కూడా తీసుకోండి. అంగుళం షాఫ్టుకు అంగుళంలో పదహారో వంతు, అంటే దాదాపు 1.6 మి.మీ. కదలిక దాటితే బేరింగు మార్చాలన్నది పడవలవాళ్లందరూ వాడే కొండగుర్తు. మీది 2.5 మి.మీ. కాబట్టి మార్చక తప్పదు. అంగుళం షాఫ్టుకు 4 అంగుళాల పొడవు గల బేరింగులే సాధారణంగా వస్తాయి, కాని బయటి వ్యాసం 1¼, 1½, 2 అంగుళాలలో ఏదైనా కావచ్చు. పడవ నమూనా పేరు చెప్పి తెప్పించుకోకండి. స్ట్రట్టు రంధ్రాన్ని వెర్నియరుతో కొలిచిన తరువాతే తెప్పించండి.

షాఫ్టు తీయకుండా మార్చడానికి ప్రత్యేకమైన పుల్లరు దొరుకుతుంది. రెండు ముక్కలుగా చీలిన గొట్టం షాఫ్టు చుట్టూ కూర్చుని, బేరింగు గొట్టం అంచును మాత్రమే నెట్టుతూ దానిని స్ట్రట్టులోంచి బయటికి తోస్తుంది. మరలు తిప్పుతూ పోతే అరగంటలో పని అయిపోతుంది. ఆ పరికరం ఖరీదైనది, అయితే చాలా యార్డులు అద్దెకిస్తాయి. ఏ పద్ధతిలో తీసినా, ముందుగా స్ట్రట్టు పక్కలను రంగు పోయేదాకా గీకి చూడండి. బేరింగు తిరగకుండా పట్టే ఒకటో రెండో చిన్న మరలు అక్కడ దాగి ఉంటాయి. వాటిని చూడక నెట్టబోయి స్ట్రట్టును పగలగొట్టుకున్నవారిని నేను ఎరుగుదును. గీకినప్పుడు బయటపడే కంచు రంగును కూడా గమనించండి. పసుపు కలిసిన గోధుమ రంగులో ఉంటే మంచిది. గులాబి రంగు ఉంటే జింకు కరిగిపోయి లోహం డొల్లబారిందని అర్థం. అప్పుడు బేరింగు సంగతి పక్కన పెట్టి స్ట్రట్టునే మార్చాలి.

కొత్త_కెరటం (కొచ్చి) · మార్చి 9

నేను ఈ రంగానికి కొత్తవాడిని. మా పరిచయస్తుల పడవలో సరిపడే ఇనుప గొట్టం పెట్టి వెనక నుంచి సమ్మెటతో కొట్టి బేరింగును తీసేశారు. అంత ఖర్చూ శ్రమా లేకుండా పని జరిగింది. అలా చేయకూడదా?

రేవు_మేస్త్రి · మార్చి 9

చేయకూడదు తమ్ముడూ. స్ట్రట్టు చూడటానికి బలంగా ఉన్నా, అది పడవ అడుగున నాలుగైదు బోల్టుల మీద వేలాడే చేయి మాత్రమే. షాఫ్టు దిశలో సమ్మెట దెబ్బలు పడితే అది వంగుతుంది, లేదా దాని పాదం కింద ఫైబర్‌గ్లాస్ చిట్లి తరువాత నీరు ఊరుతుంది. కంటికి కనిపించని అర మిల్లీమీటరు వంపు చాలు, కొత్త బుష్ తొలి రోజు నుంచే ఒక పక్క అరగడానికి. సమ్మెటతో కొట్టి తీసిన పడవలు మరుసటి ఏడాది అదే చప్పుడుతో తిరిగి రావడం నేను చూశాను. ఈ పనిలో బలమంతా మర తిప్పడం ద్వారానే రావాలి.

తెరచాప_30 · మార్చి 10

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం నేల మీద పడుకుని టార్చితో చూశాను. వెనక అంచులో పై వైపు రబ్బరు దాదాపు ఇత్తడి దాకా అరిగిపోయింది, కింది వైపు గాడులు కొత్తవాటిలా ఉన్నాయి. ముందు అంచులో అందుకు తలకిందులు. కింది వైపు అరిగింది, పై వైపు బాగుంది. మరో సంగతి కూడా బయటపడింది. షాఫ్టు మీది ఆనోడు (మిగతా లోహాలు తినేయబడకుండా వాటి బదులు తాను కరిగిపోయే లోహపు ముక్క) బేరింగు ముందు అంచుకు ఆనుకునేంత దగ్గరగా బిగించి ఉంది. మధ్యలో చిటికెన వేలు కూడా పట్టదు. దానిని అక్కడ బిగించినది కిందటి ఏడాది నేనే.

స్ట్రట్టు పక్కలను గీకగా కుడి వైపు ఎపాక్సీ పూడ్చిన ఒక మర తల కనిపించింది. లోహం రంగు ఆరోగ్యంగానే ఉంది.

రేవు_మేస్త్రి · మార్చి 10

మీరు చెప్పిన తలకిందుల అరుగుదలే అసలు జవాబు. ఒక చివర పైన, మరో చివర కింద అరిగిందంటే, షాఫ్టు బుష్ గుండా నేరుగా కాక ఏటవాలుగా పోతోంది. షాఫ్టు బరువు వల్ల అరిగితే కింది వైపే పొడవునా అరిగేది; ఇసుక వల్ల అరిగితే చుట్టూ అరిగేది; షాఫ్టు వంగి ఉంటే అది తిరిగే కొద్దీ చుట్టూ రాసుకునేది. మీ షాఫ్టు ముందు కొస, అంటే గేరుబాక్సు వైపు కొస ఉండవలసిన చోట లేదు. ఇంజను కిందికి దిగిందా పైకి లేచిందా అన్నది ఇంజను కాళ్ల కింది రబ్బరు మౌంట్లను చూస్తే తెలుస్తుంది. నాలుగు మౌంట్ల ఎత్తులను కొలిచి ఇక్కడ రాయండి.

పంపుల_ఇంజినీరు (హైదరాబాదు) · మార్చి 11

నేను పడవలవాడిని కాను. నీటి పంపుల సంస్థలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. అయినా ఆనోడు మాట విని రాయాలనిపించింది, ఎందుకంటే ఈ బేరింగును నేను వేరే రూపంలో ఎన్నో ఏళ్లు చూశాను. నదుల నుంచి నీరు తోడే నిలువు టర్బైను పంపుల్లో షాఫ్టును పట్టి ఉంచేది కూడా గాడులు గల రబ్బరు బేరింగే. అసలు దీని పుట్టుకే గని పంపుల్లో జరిగింది. 1920 దశకం తొలి రోజుల్లో కాలిఫోర్నియాలో షెర్వుడ్ అనే గని ఇంజినీరు, పంపులో లోహపు బేరింగు పాడైనప్పుడు రబ్బరు గొట్టం ముక్కను పెట్టి చూడగా, అది లోహం కంటే ఎక్కువ కాలం నిలిచిందని చెబుతారు. అంతకు ముందు ఓడల్లో లిగ్నమ్ వైటీ అనే గట్టి, నూనె గల చెక్కను వాడేవారు. 19వ శతాబ్దం నడుమ ఇంగ్లండులో జాన్ పెన్ దానిని ఆవిరి ఓడలకు తెచ్చాడు.

రబ్బరు ఇక్కడ ఎందుకు గెలిచిందో తెలుసుకుంటే ఆనోడు ఎందుకు దూరంగా ఉండాలో తెలుస్తుంది. ఈ బేరింగుకు గ్రీజు లేదు, నూనె లేదు, నీరే కందెన. షాఫ్టు తిరిగేటప్పుడు గాడుల్లోని నీరు రబ్బరు పలకల మీదికి లాక్కుపోబడి, షాఫ్టుకూ రబ్బరుకూ నడుమ పలుచని పొరగా నిలుస్తుంది. షాఫ్టు ఆ పొర మీద తేలుతూ తిరుగుతుంది కాబట్టి రబ్బరు అరగడం బయలుదేరేటప్పుడూ ఆగేటప్పుడూ తప్ప పెద్దగా జరగదు. ఇసుక రేణువు లోపలికి వస్తే గట్టి లోహమయితే దానిని షాఫ్టులోకి గుచ్చి గీత పెడుతుంది. రబ్బరు మాత్రం కాస్త లోపలికి నొక్కుకుని దానికి చోటిచ్చి, షాఫ్టు తిరిగే కొద్దీ పక్క గాడిలోకి దొర్లిస్తుంది. ముందు నుంచి వెనకకు సాగే నీరు దానిని బయటికి కడిగేస్తుంది. ఆ ప్రవాహపు ముఖద్వారం దగ్గరే మీ ఆనోడు అడ్డుపడింది. నీరు చాలక పొర తెగితే రబ్బరు షాఫ్టును నేరుగా రాసుకుని వేడెక్కుతుంది, ఇత్తడిని వదిలేస్తుంది. మీరు చూసిన నాలుక అదే అయి ఉండవచ్చు. ఆనోడుకూ బేరింగుకూ నడుమ కనీసం ఒక అంగుళం ఖాళీ వదలండి. ఒడ్డున ఉన్నప్పుడు గేరు వేసి షాఫ్టును పొడిగా తిప్పడం కూడా ఈ కారణంగానే పనికిరాదు.

తెరచాప_30 · మార్చి 15

శనివారం ఇంజను గదిలో మౌంట్లను కొలిచాను. ముందు రెండూ ఒకే ఎత్తున ఉన్నాయి. వెనక ఎడమ మౌంటు కుడి దానికంటే దాదాపు 6 మి.మీ. కిందికి నలిగి ఉంది. దాని రబ్బరును వేలితో నొక్కితే ఉడికిన చిలగడదుంపలా మెత్తగా దిగింది, వేలికి డీజిల్ వాసన అంటింది. తలెత్తి చూస్తే పైన డీజిల్ ఫిల్టరు బోల్టు కింది రాగి వాషరు దగ్గర ఒక చుక్క వేలాడుతోంది. ఎన్నాళ్లుగా అది అదే మౌంటు మీద పడుతోందో! ఇంజను వెనక భాగం కుంగడంతో షాఫ్టు ముందు కొస కిందికి లాగబడి, స్ట్రట్టులో ఏటవాలుగా నిలిచిందన్నమాట.

షాఫ్టు తీయకుండా పుల్లరుతో బేరింగు మార్చే ఆలోచన విరమించుకున్నాను. ఇన్నాళ్లు వంకరగా తిరిగిన షాఫ్టును బయటికి తీసి పరీక్షించకుండా దాని మీద కొత్త బేరింగు పెట్టడానికి మనసు ఒప్పలేదు.

రేవు_మేస్త్రి · మార్చి 15

మంచి నిర్ణయం. మౌంట్లు నాలుగూ ఒకేసారి మార్చండి. ఒక్కటే కొత్తది వేస్తే పాతవి మూడూ ఒక ఎత్తున, కొత్తది ఒక ఎత్తున పనిచేసి ఇంజను మళ్లీ వంకరపోతుంది. అంతకన్నా ముందు ఆ రాగి వాషరును మార్చి, కింద తెల్ల కాగితం పరిచి రెండు రోజులు చూడండి. చుక్క ఆగనిదే కొత్త రబ్బరు తెచ్చి లాభం లేదు.

తెరచాప_30 · మార్చి 23

ఈ వారం జరిగిన పని వివరంగా రాస్తున్నాను. ప్రొపెల్లరు తీయడం సులువుగానే అయింది. స్ప్లిట్ పిన్ను లాగి, నట్లను పూర్తిగా తీయకుండా నాలుగు చుట్లు వదులు చేసి ఉంచి, అద్దెకు తెచ్చిన పుల్లరు బిగించాను. మర బిగుసుకుని ఇక తిరగదనుకున్న చోట ఆపి, అయిదు నిమిషాలు వదిలేసి, మళ్లీ పావు చుట్టు తిప్పగానే తుపాకి పేలినంత చప్పుడుతో ప్రొపెల్లరు ఊడి నట్టు దగ్గరికి వచ్చి ఆగింది. ఆ నట్టు లేకపోతే అది నేరుగా నా మోకాలి మీద పడేది.

షాఫ్టును గేరుబాక్సుకు కలిపే కప్లింగు మాత్రం మొండికేసింది. తుప్పు వదిలించే నూనెను మూడు రోజులు రాశాను. బోల్టులు విప్పి, షాఫ్టు కొసకూ గేరుబాక్సు ఫ్లాంజికీ (బోల్టులు పట్టే గుండ్రని పళ్లెం) నడుమ ఒక సాకెట్టు పెట్టి, పొడవాటి బోల్టులతో రెండు ఫ్లాంజిలను దగ్గరికి లాగితే షాఫ్టు బయటికి నెట్టబడుతుందని చాలామంది చెబుతారు. అలా చేయవచ్చా?

లేతు_పని (కాకినాడ) · మార్చి 23

చేయవచ్చు, కాని మీ విషయంలో నేను వద్దంటాను. ఆ పద్ధతిలో లాగే బలమంతా గేరుబాక్సు ఫ్లాంజి మీద, దాని వెనక బేరింగుల మీద పడుతుంది. నూనె మూడు రోజులు రాసినా కదలని కప్లింగు ఆ బలానికి కూడా కదలకపోతే ఫ్లాంజి వంగుతుంది. అప్పుడు గేరుబాక్సు విప్పాలి. పాత కప్లింగు ఖరీదు గేరుబాక్సుతో పోలిస్తే చాలా తక్కువ. కీ (షాఫ్టు మీద జారి తిరగకుండా గాడిలో పెట్టే లోహపు ముక్క) ఉన్న వైపు కప్లింగును గ్రైండరుతో షాఫ్టుకు తగలకుండా కోసి, చివరి పొరను ఉలితో విడగొట్టండి. కొత్త కప్లింగునూ షాఫ్టునూ కలిపి లేతు షాపుకు ఇచ్చి, కప్లింగును షాఫ్టు మీద బిగించిన తరువాత దాని ముఖాన్ని షాఫ్టు అక్షానికి సరిగ్గా లంబంగా తీయమనండి. ముఖం సరిగా లేని కప్లింగుతో తరువాత ఇంజనునూ షాఫ్టునూ ఒకే వరుసకు తెచ్చే అలైన్‌మెంటు అంతా వృథా.

అక్కడే షాఫ్టును రెండు వీ-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజితో తిప్పి చూడమనండి. బుష్ కూర్చున్న చోట మైక్రోమీటరుతో కొలవమనండి, మీ గోరును పొడవునా లాగి చూడండి. గోరు తట్టుకునే గాడి ఉంటే షాఫ్టు మార్చడమే మంచిది. గ్లాండు (షాఫ్టు పడవలోకి వచ్చే చోట నీరు రాకుండా ఆపే భాగం) లోపల కూర్చునే భాగాన్ని కూడా వదలకండి. నీరు కదలక నిలిచే చోట్ల స్టెయిన్‌లెస్ ఉక్కుకు సూది గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు పడతాయి. గోదావరి మొగల దగ్గర ఒండ్రు నీటిలో తిరిగే పడవల షాఫ్టులు రోజూ నా దగ్గరికి వస్తుంటాయి. బయట మెరుస్తున్న షాఫ్టు గ్లాండు దగ్గర తినేసి ఉండటం చాలాసార్లు చూశాను.

తెరచాప_30 · ఏప్రిల్ 2

లేతు_పని గారి మాట ప్రకారం కప్లింగును కోసేశాను. చుక్కానిని ఒక పక్కకు పూర్తిగా తిప్పితే షాఫ్టు దాని పక్క నుంచి వేలెడు సందుతో బయటికి వచ్చింది. లేతు షాపులో కొలిస్తే వంపు 0.05 మి.మీ. మాత్రమే. బేరింగు చోట 25.40 ఉండవలసిన వ్యాసం 25.35 మి.మీ. ఉంది, గోరు ఎక్కడా తట్టుకోలేదు, గ్లాండు దగ్గర గుంటలు లేవు. అందువల్ల అదే షాఫ్టును ఉంచి, కొత్త కప్లింగు ముఖం తీయించాను.

బేరింగు తీయడానికి పరికరం నేనే తయారుచేసుకున్నాను. ఒక పొడవాటి మరల కడ్డీ, బేరింగు బయటి వ్యాసం కంటే వెంట్రుకవాసి తక్కువగా లేతు మీద తీయించిన ఒక దిమ్మ, స్ట్రట్టు అవతలి వైపు పాత బేరింగు దూరగలిగేంత వెడల్పాటి గొట్టం ముక్క, మందపాటి వాషర్లు, రెండు నట్లు. దాగి ఉన్న మరను ముందే తీసి, నట్టు తిప్పుతూ పోయాను. మొదటి అరంగుళం చాలా బిగువుగా వచ్చింది. ఆ తరువాత ఇత్తడి స్ట్రట్టులో జారే కీచు సన్నగా వినిపిస్తూ నాలుగు అంగుళాలూ ఒకే వేగంతో బయటపడ్డాయి. పాత బేరింగును రంపంతో నిలువునా చీల్చి చూశాను. మేస్త్రి గారు చెప్పినట్టే అరుగుదల ఒక మూల నుంచి ఎదుటి మూలకు కత్తితో కోసినంత నేరుగా సాగింది.

ఇక కొత్తదానిని పెట్టాలి. బిగువుగా కూర్చునే దానిని ఎలా లోపలికి పంపడం మేలు?

పంపుల_ఇంజినీరు · ఏప్రిల్ 2

చల్లార్చి పెట్టండి. ఇత్తడి ప్రతి డిగ్రీకీ మీటరుకు దాదాపు 19 మైక్రాన్లు కుంచించుకుంటుంది. మీ బేరింగు బయటి వ్యాసం 31.75 మి.మీ. అయితే, ఇంటి ఫ్రీజరులో రాత్రంతా ఉంచినప్పుడు 15 డిగ్రీల గాలితో పోలిస్తే అది దాదాపు 0.02 మి.మీ. తగ్గుతుంది. స్ట్రట్టుకు మరిగే నీటిలో ముంచిన గుడ్డలు చుట్టి 60 డిగ్రీలకు తెస్తే దాని రంధ్రం మరో 0.025 మి.మీ. పెరుగుతుంది. రెండూ కలిస్తే నట్టును చేతి బలంతో తిప్పగలిగేంత సందు దొరుకుతుంది. కొందరు పొడి మంచు వాడతారు. అంత చలిలో రబ్బరు పెళుసుబారుతుంది కాబట్టి నేను వాడను. స్ట్రట్టు మీద మంట ఎన్నడూ పెట్టకండి.

సోలెంట్_గాలి · ఏప్రిల్ 3

దానికి తోడు, రంధ్రాన్ని సన్నని ఎమరీ కాగితంతో పాత మట్టీ పాచీ పోయేదాకా తుడవండి, లోహాన్ని మాత్రం అరగదీయకండి. బేరింగు బయట గ్రీజు బదులు గిన్నెలు తోమే సబ్బు ద్రవం రాయండి. మొదటి పావు అంగుళం నేరుగా ఎక్కిందో లేదో నాలుగు వైపులా చూసి ఆ తరువాతే బలం పెట్టండి. పట్టే మర బిగించేటప్పుడు ఇత్తడి గొట్టంలో దాని కొన కూర్చునేంత చిన్న గుంట మాత్రం తీసి, అందులో ఆనేలా తిప్పి ఆపండి. అతిగా బిగిస్తే గొట్టం లోపలికి నొక్కుకుపోయి, ఆ చోట షాఫ్టును పట్టేస్తుంది.

తెరచాప_30 · ఏప్రిల్ 7

ఆదివారం ఉదయం బేరింగు కూర్చుంది. ఫ్రీజరులోంచి తీసిన తరువాత పడవ దాకా నడిచేలోపే దాని మీద మంచు పొడి తెల్లగా పట్టింది. చేతికి ఉన్ని తొడుగులు వేసుకుని సబ్బు రాసి, కడ్డీ బిగించి తిప్పితే, పన్నెండు నిమిషాల్లో రెండు అంచులూ స్ట్రట్టుకు సమంగా నిలిచాయి. షాఫ్టును తడిపి లోపలికి దూరిస్తే ఒక చేత్తో తిరిగింది.

గ్లాండు ప్యాకింగు కూడా మార్చాను. పాత నూలు తాడును కొక్కెంతో లాగి తీసి, కొత్తదానిని మూడు చుట్లుగా ఏటవాలుగా కోసి, అతుకులు ఒకదాని పక్కన మరొకటి రాకుండా మూడో వంతు చుట్టు తేడాతో వేశాను. గ్లాండు రబ్బరు గొట్టానికి పగుళ్లు కనిపించడంతో దానినీ, నాలుగు క్లిప్పులనూ మార్చాను.

ప్రొపెల్లరు నట్ల విషయంలో సందేహం ఉంది. ఒకటి పలుచనిది, ఒకటి మందపాటిది. నేను విప్పినప్పుడు మందపాటిది ప్రొపెల్లరును ఆనుకుని ఉంది. అలాగే పెట్టనా?

లేతు_పని · ఏప్రిల్ 7

పలుచని నట్టును ముందు, మందపాటి దానిని వెనక పెట్టండి. రెండో నట్టును బిగించినప్పుడు బరువంతా దాని మరల మీదికే మారుతుంది కాబట్టి, ఎక్కువ మరలున్న మందపాటి నట్టు వెనక ఉండాలి. దీని మీద వాదించేవారు చాలామంది ఉన్నారు, చాలా పడవలు తలకిందులుగా పెట్టుకుని కూడా తిరుగుతున్నాయి. నా లెక్క మాత్రం ఇది.

నట్ల కంటే కీ ముఖ్యం. మొదట కీ లేకుండా ప్రొపెల్లరును షాఫ్టు కోసు (సన్నబడుతూ పోయే కొస) మీదికి చేత్తో గట్టిగా నెట్టి, దాని ముందు అంచు దగ్గర షాఫ్టు మీద గీత పెట్టండి. తరువాత కీ వేసి మళ్లీ ఎక్కించండి. అదే గీత దాకా వస్తే సరి. రాకపోతే ప్రొపెల్లరు కోసు మీద కాక కీ మీద ఎక్కి కూర్చుందని అర్థం. కొద్ది రోజుల్లో వదులవుతుంది. అలా జరిగితే కీ పై ముఖాన్ని ఆకురాయితో కాస్త తీయండి.

తెరచాప_30 · ఏప్రిల్ 27

కీ పై ముఖాన్ని రెండుసార్లు రాయవలసి వచ్చింది, ఆ తరువాత గీత కలిసింది. ఆనోడును బేరింగుకు ఒకటిన్నర అంగుళం ముందు బిగించాను. పడవ గురువారం నీటిలోకి దిగింది. ఒడ్డున దిమ్మెల మీద నిలిచినప్పటి ఆకారం వేరు, నీటిలో తేలినప్పటి ఆకారం వేరు కాబట్టి రెండు రోజులు ఆగి ఈ రోజు అలైన్‌మెంటు చూశాను.

కప్లింగు వ్యాసం 4 అంగుళాలు. అంగుళానికి ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు) చొప్పున నాలుగు థౌలు, అంటే 0.1 మి.మీ. తేడా దాకా ఒప్పుకోవచ్చు. ఫ్లాంజిలను చేత్తో దగ్గరికి తెచ్చి ఫిల్లరు గేజి (సందును కొలిచే పలుచని బ్లేడులు) దూరిస్తే, మొదట పైన 0.40 మి.మీ. బ్లేడు దూరింది, కింద ఏదీ దూరలేదు. కొత్త మౌంట్ల నట్లను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ నాలుగు వైపులా కొలుస్తూ, షాఫ్టును పావు చుట్టు తిప్పి మళ్లీ కొలుస్తూ మూడు గంటలు కూర్చున్నాను. చివరికి ఏ వైపు చూసినా తేడా 0.08 దాటలేదు.

తరువాత రేవు బయట గంటసేపు నడిపాము. 1,800 దగ్గర, 2,200 దగ్గర, చివరికి 2,600 దగ్గర కూడా కాళ్ల కింది పలక నిశ్చలంగా ఉంది. గ్లాండు నుంచి నిమిషానికి మూడు చుక్కలు పడుతున్నాయి, చేయి పెడితే చల్లగా ఉంది. ఇన్నాళ్లూ ఇంజను చప్పుడులో కలిసిపోయిన నీటి పారుదల శబ్దం ఈ రోజు విడిగా వినిపించింది.

రేవు_మేస్త్రి · ఏప్రిల్ 28

చాలా సంతోషం. మా దగ్గర నిషేధం మొదలయి రెండు వారాలయింది, నేను కూడా ఇప్పుడు మూడో పడవ షాఫ్టు లాగుతున్నాను. కొత్త మౌంట్ల రబ్బరు మొదటి కొన్ని గంటల్లో ఇంజను బరువుకు కాస్త కిందికి కూర్చుంటుంది. అందువల్ల పది గంటలు నడిపిన తరువాత కప్లింగు బోల్టులు విప్పి ఫిల్లరు గేజి మళ్లీ ఒకసారి పెట్టండి. ఆ రాగి వాషరు కింద కాగితం అప్పటిదాకా తీయకండి.

తెరచాప_30 · మే 19

పదకొండు గంటలు నడిచిన తరువాత విప్పి చూశాను మేస్త్రి గారూ. కింద 0.15 అయింది. వెనక నట్లు రెండింటినీ ఆరో వంతు చుట్టు పైకి తిప్పి 0.06కి తెచ్చాను. కాగితం పొడిగానే ఉంది.